విగ్మోర్‌గారి పుట్టుకల పెట్టె

మనిషి పోయి కనీసం నూరేళ్లయితే గానీ ఆంబ్రోస్ విగ్మోర్‌గారు లెక్కలోకి తీసుకునేవారు కాదు. బతికున్నవాళ్లు ఎదురైతే టోపీ ఎత్తేవారు, నిజమే. కానీ అది వాళ్ల ముత్తాతకి.

మా నెదర్ కామ్‌లీ చర్చిలో ఇనప పట్టీలు కొట్టిన పాత ఓక్ చెక్క పెట్టె ఒకటుంది. నాలుగు వందల ఏళ్లుగా ఊళ్లో బాప్తిస్మం పొందినవాళ్ల పేర్లు, పెళ్లాడినవాళ్ల పేర్లు, పాతిపెట్టినవాళ్ల పేర్లు అన్నీ అందులో పుస్తకాల్లో ఉన్నాయి. దానికి మూడు తాళాలు, ముగ్గురు మనుషుల దగ్గర మూడు తాళంచెవులు. పోస్టాఫీసు ఉద్యోగం నుంచి రిటైరైన మర్నాడే విగ్మోర్‌గారు ఆ ముగ్గుర్నీ పోగుచేసి పెట్టె తెరిపించారు. మర్నాడూ తెరిపించారు. నెల తిరిగేసరికి ముగ్గురూ విసిగిపోయి, చెవులు మూడూ ఆయన చేతిలో పోసి దణ్ణం పెట్టేశారు.

ఇక ఊరికి మనశ్శాంతి లేదు. మాంసం కొట్టు ట్రెంచార్డ్ దగ్గర జనం వరసలో నిలబడి ఉంటే, ఈయన సాసేజిలు అడుగుతూ, "అన్నట్టు ట్రెంచార్డ్, మీ ఆరోతరం తాత గొర్రె దొంగట, తెలుసా?" అనేవారు.

"మెల్లిగా అనండి మహాప్రభో! మాంసం కొట్టువాణ్ణి!"

"సిగ్గెందుకయ్యా? ఎత్తుకెళ్లింది పాదిరిగారి గొర్రెనే. పాదిరిగారే స్వయంగా రాసుకున్నారు. చాలా అందమైన దస్తూరీ."

బేకరీ వాళ్లమ్మాయి రోజ్ మూణ్ణెల్ల పాపని బండిలో వేసుకుని మురిపెంగా తీసుకొచ్చింది. "చూడండి విగ్మోర్‌గారూ, అంతా నా పోలికే కదూ?"

ఆయన పాప వంక చూడనే లేదు. జేబులోంచి పెన్సిలు తీశారు. "దీని నాన్నమ్మ తల్లి పుట్టింటివాళ్లు ఎవరమ్మా?"

పబ్బులో ఎవరో కళ్లు తుడుచుకుంటూ, "మా అత్త పోయిందండీ," అన్నాడు. ఎవరైనా అయ్యో అంటారు. ఈయన, "ఏ సంవత్సరం పుట్టింది?" అన్నారు.

ఇలాంటి మనిషి గుమ్మం తొక్కాల్సి వస్తుందని కెజాయా లాథమ్ కలలో కూడా అనుకోలేదు. ఆవిడకి అరవై తొమ్మిదేళ్లు. భర్త కర్నల్ హార్‌బాటిల్‌గారి ఎస్టేటులో పాలేరు. ఉత్తరాది నుంచి ఇద్దరూ ఇరవై రెండేళ్ల కిందట వచ్చారు. ఫిబ్రవరిలో ఆయన పోయాడు. ఇల్లు ఉద్యోగంతో వచ్చినది కాబట్టి ఉద్యోగంతోనే పోతుంది. సెప్టెంబరు నెలాఖరుకి కొత్త పాలేరు దిగుతాడు, ఇల్లు ఖాళీ చెయ్యాలి. పిల్లల్లేరు, ఎక్కడికి వెళ్లాలో తెలీదు.

చర్చి పక్కన వృద్ధులకని ఎప్పుడో ఒక పుణ్యాత్ముడు కట్టించిన ఇళ్లున్నాయి. ఊళ్లో వాటి పేరు ఎనిమిది గదులు. ఒకటి ఖాళీగా ఉంది. కానీ ఈ చర్చి తొట్టి దగ్గర బాప్తిస్మం పొందినవాళ్లకి, లేదా అలా పొందినవాళ్ల సంతానానికి మాత్రమే గది ఇవ్వాలని ఆ పుణ్యాత్ముడు వీలునామాలో రాసిపెట్టి మరీ పోయాడు. ధర్మకర్తల పెద్ద కర్నల్‌గారే. ఆయన రూలు తప్పే మనిషి కాదు.

"విగ్మోర్‌గారిని అడగమ్మా," అన్నారు పాదిరిగారు. "మీవాళ్లెవరైనా ఇక్కడ తగులుతారేమో."

కెజాయా వెళ్లి తన గోడంతా చెప్పుకుంది. ఆయన అంతా విని, "మీ అమ్మమ్మ తాత పేరు?" అన్నారు.

"నాకు ఇల్లు పోతోందండీ బాబూ!"

"అది విన్నాను. తాత పేరు?"

పుస్తకాలన్నీ తిరగేశారు. ఆవిడ తరఫువాళ్లు ఒక్కరూ లేరు. పక్క ఊళ్ల పుస్తకాలూ చూశారు. చివరికి రెండు రైళ్లు, ఒక బస్సు మారి ఆవిడ పుట్టిన ఊరికే వెళ్లారు. అలా ఆరు వారాల్లో మూడుసార్లు వెళ్లారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి వానలో బస్సు కోసం నిలబడి ఉన్నాడని ఎవరో చెబితే కెజాయాకి జాలి కలగలేదు, ఒళ్లు మండింది. 'నా కొంప కూలుతుంటే ఈయనకి చచ్చినవాళ్ల సరదా!' అనుకుంది. ఒక్కొక్క పెట్టే సర్దడం మొదలుపెట్టింది. ఏ పెట్టె మీద ఏ చిరునామా రాయాలో తెలియక, సర్దినవి చూసుకుని ఏడ్చేది.

మూడోసారి వెళ్లొచ్చిన రోజు విగ్మోర్‌గారు తడిసిన కోటుతోనే తలుపు బాదారు.

"కెజాయమ్మా! నువ్వు లేవు!"

"ఏంటీ?"

"ఎక్కడా లేవమ్మా! మీ అన్నలు నలుగురూ ఉన్నారు, వరసగా. నువ్వు మాత్రం లేవు!"

"ఇదిగో, మీ ఎదురుగానే ఉన్నానుగా! మీకు మతిగానీ పోయిందా?"

"మీ నాన్నకీ అక్కడి పాదిరికీ ఏమైనా గొడవా?"

కెజాయా ఆలోచించింది. "పాదిరిగారి గుర్రం మా క్యాబేజీ మడి మొత్తం మేసేసిందట. నాన్న చచ్చేదాకా చర్చి గడప తొక్కలేదు. నేనప్పుడు చంటిపిల్లని."

"అదీ సంగతి! నీకసలు బాప్తిస్మమే కాలేదు. ఎక్కడా కాలేదు!" ఆయన కళ్లు మెరిశాయి. "బయటినుంచి వచ్చిన మిగతావాళ్లంతా పుట్టిన చోటే చేయించుకుని వచ్చేశారు. రెండోసారి ఎవరూ చెయ్యరు. నీకు ఆ ఇబ్బంది లేదు. ఇక్కడే చేయించుకుందువుగాని!"

ధర్మకర్తల సమావేశంలో కర్నల్‌గారు ఎర్రగా కందిపోయారు. "ఇదేం పిల్లలాటా? గది కోసం బాప్తిస్మమా? రేపు ఊరంతా తొట్టి ముందు వరస కడుతుంది!"

కెజాయా తలుపు పక్కన నిలబడి చేతిరుమాలు పిండుతోంది. సెప్టెంబరు నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులే ఉంది.

విగ్మోర్‌గారు తాపీగా తన రేకుపెట్టె తెరిచి ఒక కాగితం తీశారు. "మీ వంశం పెద్ద విలియం హార్‌బాటిల్‌గారు. ధర్మకర్త కావాలన్నా ఈ తొట్టిలోనే బాప్తిస్మం పొంది ఉండాలి కదండీ? ఆయనా బయటూరి నుంచి వచ్చినాయనే. 1794లో, నలభై మూడేళ్ల వయసులో, బుధవారం బాప్తిస్మం. గురువారం పదవి."

ఎవరో కిసుక్కున నవ్వారు. కర్నల్‌గారు కాగితం లాక్కుని పైనుంచి కిందికి చదివారు. అడుగున ఆగిపోయారు.

"ఇదేంటి విగ్మోర్? ఇక్కడ నా పేరుంది."

"ఉందండి."

"'గది హక్కు రుజువైంది. కుడి మోకాలు బాగాలేదు కనక మెట్లు లేని గది, ఎండ పడేది ఇవ్వాలి.' నాకా? గదా? నలభై గదుల బంగళా ఉంది నాకు!"

"ఉండాలనే కోరుకుంటానండి. కానీ రోజులన్నీ ఒకలా ఉండవు కదా. అవసరం వచ్చిన రోజున ముసలితనంలో తాతల పేర్లు వెతుక్కోవడం కష్టం. అందుకని అందరివీ ముందే తీసి పెట్టాను."

"అందరివీ అంటే?"

"ఊరందరివీనండి."

కెజాయా ముందుకొచ్చి రేకుపెట్టెలోకి తొంగిచూసింది. రెండొందల పైచిలుకు కాగితాలు ఉన్నాయి. గొర్రె దొంగతో మొదలై ట్రెంచార్డ్ దాకా ఒకటి. రోజ్ పాపకి ఒకటి. అన్నిటి అడుగునా అదే మాట, గది హక్కు రుజువైంది. ఇన్నేళ్లుగా ఈ మనిషిని పిచ్చివాడనుకుంది తను. బతికున్న ఒక్కొక్కరి నెత్తి మీద కప్పు కోసం చచ్చినవాళ్లందర్నీ తట్టిలేపుతున్నాడని ఎవరికి తెలుసు!

కర్నల్‌గారు గొంతు సవరించుకున్నారు. "కలం ఏదీ?" అని అరిచి కెజాయా గదికి సంతకం పెట్టారు. విగ్మోర్‌గారు ఆ వంశం కాగితాన్ని తిరిగి అడిగితే మాత్రం ఇవ్వలేదు. మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంకోటి రాసుకోమన్నారు.

ఆ ఆదివారం చర్చిలో నిలబడటానికి చోటు లేదు. బాప్తిస్మంలో తల్లీదండ్రుల వరసన నిలబడటానికి ట్రెంచార్డ్ భార్య, బేకరీ రోజ్ జ్ఞానతల్లులు, విగ్మోర్‌గారు జ్ఞానతండ్రి. పాదిరిగారు ప్రార్థన చదివి, అలవాటు కొద్దీ బిడ్డ కోసం రెండు చేతులూ చాచారు.

"ఎత్తుకుంటారా ఏంటి?" అంది కెజాయా.

పాదిరిగారు చేతులు వెనక్కి తీసుకుని, చల్లటి నీళ్లు దోసిలితో ఆవిడ నెత్తిన పోశారు. "అమ్మో, చలి!" అని కేక పెట్టింది. వెనక వరసలో ముసలమ్మలు తృప్తిగా తలలూపారు. తొట్టి దగ్గర బిడ్డ ఏడిస్తేనే శుభమని వాళ్ల నమ్మకం.

పేరు పుస్తకంలోకి ఎక్కింది. విగ్మోర్‌గారు సిరా ఆరేదాకా ఊది, రుమాలు తీసి ఆవిడ తల తుడిచారు.

"పదమ్మా, పొద్దున్నే నీ గదిలో పొయ్యి రాజేసి వచ్చాను," అన్నారు డెబ్బై నాలుగేళ్ల జ్ఞానతండ్రి.

"అలాగే నాన్నా," అంది అరవై తొమ్మిదేళ్ల కూతురు, ముక్కు చీదుకుంటూ. చర్చంతా గొల్లున నవ్వింది.