ఆడవాళ్ళ బల్ల దగ్గర నేర్చిన ఇంగ్లీషు

నేను ట్యూషన్ గడప తొక్కలేదు. నాకొచ్చిన ఇంగ్లీషంతా మా నేత ఊరి గ్రంథాలయంలో, కిటికీ పక్కనున్న ఆడవాళ్ళ బల్ల దగ్గర వచ్చిందే. ఆ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే.

పదాలను వరసగా రాసుకుని వల్లెవేస్తే వారం దాటి నిలవవని మొదటి ఏడాదిలోనే తెలిసింది. అందుకని ప్రతి పదాన్నీ నా కళ్ళముందున్న దేనికో ముడివేసేదాన్ని. 'టాట్' అంటే బిగువుగా లాగినది అంటుంది నిఘంటువు. నాకది మగ్గం మీది పడుగు. 'బ్రిటిల్' అంటే ఎండిన కందికట్టె, పట్టుకుంటే చాలు విరుగుతుంది. 'స్పార్స్' అంటే ఊరి బయట రాళ్ళనేల మీద అక్కడొకటి ఇక్కడొకటి నిలబడ్డ తుమ్మచెట్లు. అర్థం రాసుకోను, వాక్యం రాసుకుంటాను. రెండు మూడు రోజుల్లో దాన్ని ఎవరితోనైనా మాట్లాడుతూ వాడాలి. అప్పుడే అది మనదవుతుంది.

అట్లా మాట్లాడటానికి నాకు దొరికింది మా వెనక వీధి అక్క. సొంత అక్క కాదు. కూలి పనులకు పోయే ఇంటికి కోడలుగా వచ్చింది. డిగ్రీ చదివింది, నాలాగే బ్యాంకు క్లర్కు పరీక్షకు తయారవుతోంది. సాయంత్రం లైబ్రరీ మళ్ళీ తెరవగానే ఇద్దరం కూర్చునేవాళ్ళం. నేను పదం చెబితే ఆమె వాక్యం కట్టాలి, ఆమె చెబితే నేను. తప్పితే మొట్టికాయ.

"'రిలక్టెంట్' మా అత్తకు శానా బాగా కుదుర్తాది మే," అనేది. "నన్ను ఈడికి పంపాలంటే చాలు, ఆమెకు మోకాళ్ళ నొప్పులొస్తాయి."

ఇద్దరికీ ఆధారం ఒకే లావు పుస్తకం. ఒక మూలం నుంచి పుట్టిన పదాలన్నీ అందులో ఒకచోట ఉండేవి, కింద అభ్యాసాలు. లైబ్రరీలో ఒకే ప్రతి, ఇంటికి ఇవ్వరు. వయసు లెక్కన ఆ ఏటి పరీక్షే నాకు ఆఖరిది. మిగతావన్నీ గట్టెక్కినా ఇంగ్లీషులో కటాఫ్ దాటకపోతే పోయినట్టే. క్రితంసారి అట్లాగే పోయింది.

పరీక్ష నెలరోజులుందనగా పుస్తకం కనపడలేదు. బీరువాలన్నీ వెతికాం. నాకన్నా ఆమే ఎక్కువ వెతికింది.

"ఎవరో ఎత్తకపోయినారు మే. దొంగముండాకొడుకులు, వాళ్ళు చదివి బాగుపడతారా?" అని తిట్టింది. నా భుజం మీద చెయ్యేసి, "నీకు పాతవన్నీ గుర్తుండాయి కదా, అవే తిరగేసుకో," అంది. పాపం ఆమెకు ఏ ఆసరా లేకుండా పోయిందని వాక్యాలు రాసుకున్న నా నోటుపుస్తకమే తీసి ఇచ్చాను.

ఇరవై రోజులు గడిచాక, చెదలు పట్టాయని లైబ్రేరియన్ సారు బీరువాలు ఖాళీ చేయడానికి సాయం అడిగారు. వ్యవసాయం బీరువా ఎవరూ తెరవరు. వేరుశనగ తెగుళ్ళ పుస్తకాల వరస తీస్తే, వెనకవైపు పడుకోబెట్టి ఉంది మా పుస్తకం. దాని మీద దుమ్ము లేదు. మధ్యలో గుర్తుగా కరెంటు బిల్లు. ఆ నెలది, అక్క వాళ్ళ మామ పేరు మీద. బిల్లుల వెనక పదాలు రాసుకోవడం ఆమె అలవాటు.

"ఆ యమ్మ పొద్దున పూట కూడా వస్తాది కదా, నీకు చెప్పలేదామ్మా?" అన్నారు సారు.

పొద్దున నేను మగ్గం మీద ఉంటాను. ఆ సంగతి ఆమెకు తెలుసు.

సాయంత్రం ఆమె వచ్చాక పుస్తకం బల్ల మీద పెట్టి, దాని మీద బిల్లు పెట్టాను.

"యాడ దొరికింది?" అంది ముందు. ఆ తర్వాత బిల్లు చూసింది.

"నువ్వు పెట్టిన చోటే అక్కా."

బిల్లు తీసి నాలుగు మడతలు పెట్టింది. "నీకు ఒకసారి చూస్తే వచ్చేస్తాది మే. నాకు పదిసార్లు కావాల. ఇద్దరం కలిసి చదువుతాంటే నేనెప్పుడూ నీ వెనకాలే."

"అడిగుంటే పుస్తకం నీకే వదిలేసేదాన్ని గదా."

"వదిలేస్తావు. నువ్వు ఇచ్చేది, నేను తీసుకునేది. ఇట్లా తీసుకుని తీసుకుని నాకు యాష్టకొచ్చింది, విసుగు పుట్టింది."

కోపంగా అన్నా బాగుండేది. ఎప్పటినుంచో అనుకుంటున్న మాట లాగా, మామూలుగా అంది. నా నోటుపుస్తకం తీసి ఇచ్చి వెళ్ళిపోయింది.

వేర్వేరు బస్సుల్లో కర్నూలుకు పోయి పరీక్ష రాశాం. ఆమె కటాఫ్ దాటింది. నేను ఇంగ్లీషులోనే తక్కువపడ్డాను. ఆ ఇరవై రోజులు పుస్తకం చేతిలో ఉంటే దాటేదాన్నో లేదో నాకు తెలీదు. నా తప్పేనని ఒప్పుకుని ఊరుకునే దారి కూడా ఆమె నాకు మిగల్చలేదు.

ఆమెకు కడప వైపు కొలువొచ్చింది. మా ఇంటికి మిఠాయి పంపింది. అమ్మ తిన్నది, నేను ముట్టలేదు.

పరీక్షలు లేకపోయినా నేను ఆ బల్ల దగ్గరే చదువుకుంటున్నాను. మొన్న ఒక కాలేజీ అమ్మాయి పక్కన కూర్చుని, పదాలు ఎట్లా గుర్తుపెట్టుకోవాలని అడిగింది. తెలిసిందంతా చెప్పాను. ఆమె మొహం వెలిగింది.

"అయితే రేపటినుంచి మనిద్దరం కలిసి చదువుదామా అక్కా?"

"నాకు మగ్గం పనుండాది లేమ్మా," అన్నాను.

నూలు రాక వారంగా మా మగ్గం ఖాళీ. ఆ అమ్మాయి సంచి తీసుకుని బల్ల అవతలి కుర్చీకి పోయింది.