మొదటి గంటకు స్నానం

వరదల మీద పీజీ చేస్త అని చెప్పిన రోజు మా అమ్మ పొయ్యి కాడి నుంచి లేవకుండనే అడిగింది.

"వరదల మీద చదివేదేముంటదే? వస్తె పోవాలె, తగ్గితె రావాలె. గీ మాట నేర్వనీకి రెండేండ్లా?"

మాది పినపాక దిక్కు గోదారొడ్డున ఉన్న చిన్న ఊరు. సగం ఊరు మా లెక్క చర్చికి పోయెటోళ్లు, మిగతా సగం ఎన్నడో కోస్తా నుంచి వచ్చి మిరపతోటలు పెట్టుకున్న రైతులు. నీళ్లొస్తే మాత్రం అందరు ఎక్కేది ఒక్క తావుకే, చర్చి దిబ్బ మీదికి. చర్చి, దాని పక్కన బడి, ఊర్లె మిట్ట అంటే అదొక్కటే. ఎక్కడికి పోవాలెనో అందరికి తెలుసు గానీ ఎప్పుడు పోవాలెనో ఎవ్వరు తేల్చుకోరు. "ఇంకా వాకిట్లకు రాలే, ఇంకా మెట్టు ఎక్కలే" అనుకుంట కూసుంటరు, ఆఖరుకు పడవలొచ్చి మోసుకపోవాలె. అసలే నాకు ముక్కు మీద కోపం. చిన్నప్పటి నుంచి ఇది చూసి చూసి ఒళ్లు మండి ఆ చదువుల చేరిన.

చేరినంక ఎంత సంబురపడ్డనో చెప్పలేను. హైదరాబాద్ హాస్టల్ల నా మంచం మీద దుప్పటి కంటే మ్యాపులే ఎక్కువ ఉండేటివి. ఏ వాగు ఎటు పొంగుతదో, ఏ వీధికి ముందుగాల నీళ్లు మల్లుతయో రంగులేసుకుంట కూసుంటే అన్నం యాదికొచ్చేది కాదు. "నీళ్లు రావడం ప్రమాదం కాదు, నీళ్లొచ్చే చోట మనం ఉండడం ప్రమాదం" అని మా గైడ్ మేడం క్లాసుల చెప్తే, ఆగలేక అమ్మకు ఫోన్ చేసి చెప్పిన.

"నేను చెప్పింది గూడ గదే గదా, ఫీజు తీసుకోకుండ" అన్నది అమ్మ.

రెండో ఏడు థీసిస్ కాడికొచ్చేసరికి నేనొక్కటే పట్టు పట్టిన. మా ఊర్లె చర్చి గంటతోని వరద హెచ్చరిక పెట్టాలె. గాలివానకు ముందు పోయేది కరెంటు, దాని ఎంబడి పోయేది సెల్ సిగ్నల్. గంటకు ఆ రెండు అక్కర్లేదు, తాడు గుంజే మనిషుంటే చాలు. మేడం మనసు మంచిదే గానీ మాట కచ్చితం.

"వానలకు ముందే ఒక డ్రిల్ పెట్టు. నేనే వచ్చి చూస్తా. గంట కొట్టాక అరగంటలో ఊరు దిబ్బ ఎక్కితే టాపిక్ నీది. ఎక్కకపోతే గంట సంగతి మర్చిపోయి కంప్యూటర్ ముందు కూర్చో."

కంప్యూటర్ పని నాకు చాత కాక కాదు. ఆ పని చేస్తే నాకు డిగ్రీ వస్తది, మా ఊరోళ్లు మళ్ల పడవల కోసం చూసుకుంట కూసుంటరు.

శనివారం పొద్దున డ్రిల్ అనుకున్నం. ఇల్లిల్లు తిరిగి చెప్పిన. "గంట కొట్టంగనే దిబ్బ మీదికి రావాలె, సరేనా?" అంటే "అవ్ బిడ్డా, ఎందుకు రాం" అన్నరు. మిరపతోటోళ్ల పెద్దమ్మ ఒక్కతే "ఏవమ్మాయ్, పైకొస్తే టిఫినేవన్నా పెడతారా?" అని అడిగింది. పులిహోర పెడ్తమని ఒప్పుకున్న.

ఆ రోజు మేడం చర్చి ముందల ప్లాస్టిక్ కుర్చీల కూసున్నది. మా పాస్టర్ గారిని ఊరంతా అయ్యగారు అంటం. అయ్యగారు అంగీ చేతులు పైకి మడుచుకొని, కొత్త పెండ్లికొడుకు లెక్క నవ్వుకుంట, తాడు గుంజిండ్రు. గంట ఊరంతా మోగింది. నేను దారి దిక్కు చూస్తున్న. ఎవ్వరు రాలే. మేడం గడియారం చూసింది. అరగంట కావస్తుండంగ ఒక కుక్క పైకొచ్చి మేడం కుర్చీ కింద పండుకున్నది.

"గంట బాగ మోగిందా తల్లీ?" అని అయ్యగారు మెల్లగ అడిగిండ్రు.

ఇగ ఆగలేక కిందికి ఉరికిన. పోయి చూద్దును గదా, పంపు కాడ చెంబుల చప్పుడు, సబ్బు నురగలు! ఒకాయన అంగీ ఇస్త్రీ చేస్తున్నడు. ఇంకొకామె తడి జుట్టుకు తువ్వాల చుట్టుకొని పిల్లలకు పౌడర్ అద్దుతున్నది. ఇంట్లకు పోతే మా అమ్మ పండ్ల నడుమ పిన్నీసు పెట్టుకొని కుచ్చిళ్లు సర్దుకుంటున్నది.

"ఏందమ్మా ఇది! గంట వినలేదా?"

పిన్నీసు తీసి తాపీగ చెప్పింది. "వినకేం? వినే గదా స్నానం చేసిన. మొదటి గంటే గదా కొట్టిండ్రు, గట్ల ఆగమాగం చేస్తవేందే?"

అప్పుడు వెలిగింది నాకు. మా ఊర్లె తాతల కాలం నుంచి ఆదివారం మొదటి గంటకు స్నానం. రెండో గంటకు గడప దాటుడు. మూడో గంటకు ప్రార్థన మొదలు. మొదటి గంటకే వచ్చి కూసున్న మనిషి మా ఊర్లె ఇంకా పుట్టలే. బయటికొస్తే, చర్చి మొహం చూడని పెద్దమ్మ గూడ గేటు కాడ నిలబడి నన్నే నిలదీసింది.

"మొదటి గంటకి మేం పాలు తీస్తాం, రెండో గంటకి ఎసరు పెడతాం. ఇవాళ రెండో గంట కొట్టరేవమ్మాయ్? పులిహోరేదో పెడతామన్నారు!"

ఊరంతా తలంట్లు పోసుకొని రెండో గంట కోసం చూస్తున్నది! బుద్ధెరిగిన కాడి నుంచి ఆ గంటకే నెత్తి మీద నీళ్లు కుమ్మరించుకున్నదాన్ని, "హెచ్చరిక ఒక్కటే ఉండాలి, ఒక్కసారే చెప్పాలి" అని పుస్తకంల చదివి అంతా మర్చిపోయిన. నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చినయి. అక్కడి నుంచే గొంతు చించుకొని అరిచిన.

"అయ్యగారూ! రెండో గంట కొట్టుండ్రి!"

గంట మోగుడే ఆలస్యం, తలుపులన్ని ఒక్కసారే తెరుచుకున్నయి. ఇస్త్రీ అంగీలు, మల్లెపూలు, పౌడర్ మొహాలు, ముసలోళ్లను చెయ్యి పట్టుకున్న మనవరాండ్లు, అందరు గబగబ దిబ్బ ఎక్కిండ్రు. మూడో గంట కొట్టేసరికి కింద ఒక్కరు లేరు. మేడం కుర్చీల నుంచి లేచి నిలబడ్డది.

"వీళ్లు వరదకొచ్చారా, పెళ్లికొచ్చారా?" అని పొట్ట పట్టుకొని నవ్వింది.

నేను గూడ పైకి ఉరికొచ్చి వగర్చుకుంటనే చెప్పిన. భద్రాచలం కాడ గూడ గోదారికి మూడు ప్రమాద హెచ్చరికలే గదా మేడం. మొదటి దానికి మొదటి గంట, స్నానం బదులు మూట కట్టుకుంటరు. రెండో దానికి రెండో గంట, బయలెల్లుతరు. మూడో గంటకు కింద ఎవ్వరు ఉండొద్దు. కొత్తగ నేర్పేదేం లేదు, కాళ్లకు అలవాటున్నదే.

"నా గడియారం ప్రకారం నువ్వు ఫెయిల్. కానీ రెండో గంటకు ఎలా కదిలారో కళ్లారా చూశా. టాపిక్ ఉంచుకో. అసలు పరీక్ష మాత్రం నేను పెట్టను, గోదారి పెడుతుంది" అన్నది మేడం.

ఆ పరీక్ష ఎక్కువ రోజులు ఆగలే. ఆ వానాకాలమే వచ్చింది. నేను హైదరాబాద్ల ఉన్న. ఊరికి పోదామంటే రోడ్ల మీద నీళ్లు. పొద్దున అమ్మ ఫోన్ చేసింది. "మొదటి గంట అయింది. బియ్యం, బట్టలు, కాగితాలు కట్టిన. మాట్లాడే టైం లేదు" అని పెట్టేసింది. ఆమె ఎన్నడు గిట్ల జల్దీ ఫోన్ పెట్టింది లేదు. పుస్తకం ముందలేసుకొని కూసున్న గానీ ఒక్క ముక్క ఎక్కలే.

మధ్యాహ్నం మళ్ల ఫోన్ మోగింది. గరగర చప్పుడు, వెనక పిల్లల లొల్లి.

"ఎక్కినం. రెండో గంటకే అందరం ఎక్కినం. పెద్దమ్మ బర్రెలను గూడ తోలుకొచ్చింది. నీళ్లు ఇప్పుడిప్పుడే వాకిండ్లలకు వస్తున్నయి."

"అందరంటే అందరా?"

"అయ్యగారు పేరు పేరున పిలిచిండ్రు. అందరు పలికిండ్రు."

అంతలనే ఫోన్ల నుంచి ఠంగు ఠంగుమని గంట.

"అమ్మా! మూడో గంట ఎందుకు కొడుతున్నరు? కింద ఇంకెవరున్నరే?"

"ఎవ్వరు లేరే పిచ్చిదానా. నువ్వు వింటవని అందరం కలిసి కొట్టమన్నం."