పిన్నితో బరంపురంలో పవర్ టిల్లర్ బేరం

మా పిన్ని కాంతమ్మ ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. అందుకే జూన్ మొదట్లో ఫోన్ చేసి, "పాపా, ఒక రెండ్రోజులు బరంపురం రాగలవేటి? పవర్ టిల్లర్ కొనాల" అన్నప్పుడు నేను మారు మాట్లాడకుండా సెలవు పెట్టేశాను. పురుషోత్తంపూర్ దగ్గర పల్లెలో ఆమెకు మూడెకరాల వరి మడి ఉంది. బాబాయికి పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి సేద్యం ఆమెదే. ట్రాక్టరు మాత్రం బాబాయి అన్నగారిది. ఆయన సొంత పొలం, ఆ తర్వాత కిరాయికి మాట్లాడుకున్న పొలాలు అయ్యాక గానీ పిన్ని మడికి నీళ్ళు పెట్టి దమ్ము పట్టే వంతు రాదు. వరుసగా రెండేళ్ళు నారు ముదిరిపోయింది. ఈ ఏడు ఆయన, "ఇంకెందుకు నీకు అవస్థ, కౌలుకి ఇచ్చేద్దాం" అని మనిషిని కూడా చూసి పెట్టాడు. పిన్ని ఈ ఒక్క కారు పంటకి ఆగమంది.

"షాపులో నువ్వు మాటాడకు" అని ఫోన్‌లోనే చెప్పింది. "మరి నేనెందుకు పిన్నీ?" అంటే, "తోడుకి. ట్రాక్టరు బావతో ఎల్తే అందరూ బావతోటే మాటాడతారు. నాకేటి కావాలో నేను సెప్పుకోవాల" అంది.

విశాఖలో తెల్లవారుజామున రైలెక్కితే దాదాపు నాలుగున్నర గంటల్లో బరంపురం చేరతారు. పలాస దాటాక జీడితోటలు, ఇచ్ఛాపురం దాటాక స్టేషన్ బోర్డుల మీద ఒడియా గుండ్రటి అక్షరాలు. రిజర్వేషన్ దొరక్క జనరల్ పెట్టెలో కూర్చున్నాను, వంద రూపాయల పైచిలుకే అయింది. పిన్ని పొద్దున్నే పల్లె నుంచి బస్సెక్కి నాకంటే ముందే వచ్చి కొత్త బస్టాండ్ దగ్గర నిలబడి ఉంది. ఇస్త్రీ చేసిన నేత చీర కట్టుకుంది. మనిషి పొట్టి, బక్కపలచన. ఆ చీరలో ఇంకాస్త చిన్నగా కనబడింది. అక్కడే ఒక బండి దగ్గర ఆకు దొన్నెలో ఉప్మా పెట్టి, దాని మీద ఘుగుని, అంటే వేడి వేడి బఠాణీ కూర, పోసి ఇచ్చారు. ఇద్దరికీ అరవై రూపాయలు. బరంపురం వెళ్తే హోటల్లో దోసె కోసం వెతక్కండి, ఇది తినండి.

షాపులన్నీ ఒక్కచోట లేవు కాబట్టి మధ్యాహ్నం దాకా ఒక ఆటో మాట్లాడుకున్నాం. ఆరు వందలు. డ్రైవరు పేరు డిల్లేసు, కవిటి వైపు మనిషి, ఇక్కడే స్థిరపడ్డాడు. పిన్ని మాట వినగానే అప్పా అని పిలవడం మొదలుపెట్టాడు. మాకు అక్కంటే అప్పే.

మొదటి షాపు హైవే పక్కన, పెద్ద అద్దాల షోరూము. లోపల ఏసీ, మెరిసే గచ్చు మీద ఎర్రటి యంత్రాలు. ముప్ఫై ఏళ్ళ సేల్స్‌మన్ నవ్వుతూ ఎదురొచ్చి, కుర్చీలు వేయించి, చల్లటి నీళ్ళు తెప్పించాడు. మర్యాదకేం లోటు లేదు. ఆ తర్వాత మా వెనకాల వచ్చిన డిల్లేసు వైపు తిరిగి, ఒడియాలో, "ఎన్ని ఎకరాలు సార్?" అని అడిగాడు.

డిల్లేసు అటూ ఇటూ చూశాడు. "నన్నడుగుతారేటి బాబూ, నేను ఆటో తోలినోణ్ని. పొలం అప్పది" అన్నాడు.

"మూడెకరాలు. వరి" అంది పిన్ని, ఒడియాలోనే.

అతను తలూపి, ఈసారి నా వైపు తిరిగి ఇంజిన్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. నాకు దమ్ముకీ దుక్కికీ తేడా కూడా సరిగ్గా తెలియదు. పిన్ని ప్రశ్న వేస్తే జవాబు నాకు వచ్చింది. ఆమె ఇంకో ప్రశ్న వేసింది, ఆ జవాబూ నాకే వచ్చింది. మాట్లాడనని మాటిచ్చాను కాబట్టి నేను నేల చూపులు చూస్తూ కూర్చున్నాను. చివరికి పిన్ని లేచి ఒక టిల్లర్ పిడి మీద చెయ్యి వేసింది. అతను గబగబా వచ్చి, "ఇది ఆడవాళ్ళకి కష్టం దీదీ. ఇంట్లో మగవాళ్ళని ఎవరినైనా తీసుకురండి, వాళ్ళకి చూపిస్తాను" అన్నాడు. గొంతులో ఎగతాళి లేదు. నిజంగా సాయం చేస్తున్నాననే అనుకున్నాడు.

పిన్ని చెయ్యి తీసేసింది. వచ్చి ఆటోలో కూర్చుంది. డిల్లేసే అన్నాడు, "ఇంకో షాపుంది అప్పా. చిన్నదే. సూద్దారా?"

రెండో షాపు పాత బజారుకి వెళ్ళే దారిలో ఉంది. ముందు రేకుల షెడ్డు, నాలుగు యంత్రాలు, నేలంతా ఆయిలు మరకలు. బల్ల దగ్గర యాభై దాటిన పాత్రో బాబు కూర్చుని ఉన్నాడు. షాపు ఆయనదే. తెలుగు మా వైపు యాసలోనే మాట్లాడాడు. ముందుగా, "యంత్రం ఎవరు నడుపుతారమ్మా?" అని అడిగాడు. "నేనే" అంది పిన్ని. ఆయన కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు. ఇక నన్ను చూడలేదు.

"మడి ఎలాటిది? నీళ్ళు నిలుస్తాయా? గట్లు దగ్గర దగ్గరా? ఒక మడి నుంచి ఇంకో మడికి దింపడానికి దారుందా?" ఒక్కో ప్రశ్న అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగాడు. పిన్ని జవాబులు పొడుగైపోయాయి. నల్లమట్టి గురించీ, పై మడి నుంచి నీళ్ళు జారిపోయే మూల గురించీ, ఎలుకలు బొక్కలు చేసిన గట్టు గురించీ చెప్పుకుంటూ పోయింది. బాబాయి పడిపోయాక ఈ పొలం గురించి ఎవరైనా ఆమెను ఇంతసేపు అడిగి ఉంటారా అనిపించింది నాకు.

తర్వాత యంత్రం దగ్గరికి తీసుకెళ్ళాడు. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసే డీజిల్ టిల్లర్ అది. ఒక చేత్తో చిన్న లీవరు ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో హ్యాండిల్ గిరగిరా తిప్పి, ఊపు అందుకోగానే లీవరు వదిలేయాలి. ఆయన ఒకసారి చేసి చూపించి, ఆపేసి, హ్యాండిల్ ఆమె చేతికిచ్చాడు. పిన్ని కొంగు బిగించి తిప్పింది. అందుకోలేదు. మళ్ళీ తిప్పింది. చేతి నరాలు ఉబ్బాయి, ముఖం చెమటపట్టింది. డిల్లేసు ఉండబట్టలేక, "అప్పా, నాకియ్యి" అని ముందుకొచ్చాడు. పాత్రో బాబు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండండి. ఆవిడ అడిగితే అప్పుడు తిప్పుదురు" అన్నాడు.

ఇంకో రెండుసార్లకి ఇంజిన్ పెద్ద చప్పుడుతో అందుకుంది. పిన్ని నవ్వింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఆయన మాత్రం పొగడలేదు. ఇంజిన్ ఆపి, ఆమె ఊపిరి తీసుకునేదాకా ఆగి, "ఇక్కడ గచ్చు మీద, నీడలో అయింది. బురదలో మోకాలు దాకా దిగబడి ఉన్నప్పుడు, పొద్దున్నుంచి అలిసిపోయి ఉన్నప్పుడు ఆగిపోతే మళ్ళీ తిప్పగలరా? అది మీకే తెలుస్తాది. మీరే సెప్పాల" అన్నాడు.

పిన్ని అరచేతులు చూసుకుంది. "లేను" అంది. "ఒకసారి సేస్తాను. రోజూ సేయలేను."

"అయితే మీకు సెల్ఫ్ స్టార్ట్‌ది కావాల. నా దగ్గర లేదు. తెప్పించనూ లేను, నా కంపెనీది ఇక్కడికి రాదు. హైవే మీద అద్దాల షాపు ఉంది సూడండి, వాళ్ళ దగ్గర ఉన్నాది. పురుషోత్తంపూర్‌లో వాళ్ళ మెకానిక్కు కూడా ఉన్నాడు."

మేము బయటికొచ్చి ఆటో పక్కన నిలబడ్డాం. ఎండ మాడ్చేస్తోంది. నాకైతే ఆ అద్దాల షాపుకి మళ్ళీ వెళ్ళాలని లేదు. ఇంకో ఊరు చూద్దామా అన్నాను. పిన్ని చెమట తుడుచుకుని, "యంత్రం అక్కడే ఉంటే ఇంకో ఊరెందుకు పాపా? ఎల్దాం. ఆయనికి నాతోటి మాటాడ్డం రాకపోతే నేర్పుతాను" అంది.

ఆ సేల్స్‌మన్ మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయాడు. ఈసారి పిన్ని కుర్చీలో కూర్చోలేదు. నిలబడే, నెమ్మదిగా, ఒడియాలో చెప్పింది: "బాబూ, పొలం నాది. నడిపేది నేను. కొనేదీ నేనే. నువ్వు ఇందాక చెప్పినవన్నీ ఈ అమ్మాయికి చెప్పావు, తనకి అవసరం లేదు. సెల్ఫ్ స్టార్ట్‌ది నాకు చూపించు. నన్ను చూసి చెప్పు."

అతని ముఖం ఎర్రబడింది. అలవాటుగా నా వైపు ఒక చూపు చూసి, వెంటనే తిప్పేసుకున్నాడు. మొదట్లో మాటలు తడబడ్డాయి. పిన్ని అడిగినవి అలాంటివి: తడి మడిలో ఇనప చక్రాలు వేస్తే బరువెంత పెరుగుతుంది, మలుపులో దేన్ని వదలాలి, కత్తులు అరిగితే నేనే మార్చుకోవచ్చా. కత్తుల సంగతి దగ్గర అతను ఆగిపోయి, "నాకు తెలీదు దీదీ, మెకానిక్‌ని అడిగి చెప్తాను" అని ఫోన్ చేశాడు. తెలీదన్న ఆ ఒక్క మాటతో అతని మీద నా కోపం సగం తగ్గిపోయింది. అతని పేరు సంతోష్ అని అప్పుడు తెలిసింది.

కొనేస్తుందనుకున్నాను. పిన్ని, "రేపు నా మడికి తీసుకురా. అక్కడ నడిపి చూస్తాను" అంది. సంతోష్ లోపలికెళ్ళి మేనేజరుతో మాట్లాడి వచ్చి సరేనన్నాడు.

మధ్యాహ్నం బస్సులో పల్లెకి వెళ్ళాం. కాస్త రద్దీ, గంటంబావు ప్రయాణం, మనిషికి యాభై రూపాయల దాకా. రుషికుల్య నది వంతెన మీద గాలి తగిలేసరికి పిన్ని నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

మర్నాడు పొద్దున్నే చిన్న వ్యానులో టిల్లర్ వచ్చింది. సంతోష్‌తో పాటు మెకానిక్ కూడా వచ్చాడు. రెండు వానలు పడి, బోరు నీళ్ళు కూడా పెట్టడంతో మడి మెత్తగా ఉంది. కబురు తెలిసి బాబాయి అన్నగారు, ఇంకో నలుగురు మగవాళ్ళు గట్టు మీదికి చేరారు. మెకానిక్ ఒక చుట్టు నడిపి చూపించాడు. గట్టు అంచున అతని దగ్గర తాళం చెవి తీసుకుని సంతోష్ వెనక్కి తిరిగాడు. అందరికంటే పెద్దవాడిలా, తలపాగాతో ఉన్న బాబాయి అన్నగారు ఎదురుగా నిలబడి చెయ్యి చాచాడు. "ఇలాగియ్యి, సూస్తాను" అన్నాడు.

సంతోష్ ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత, "ఆమె నడిపాక ఇస్తాను సార్" అని పిన్ని వైపు నడిచాడు.

పిన్ని చీర ఎగగట్టి మడిలోకి దిగింది. ఇంజిన్ మొదటిసారికే అందుకుంది. మొదటి సాలు వంకరగా పోయింది. మూల మలుపులో పిన్ని తిరగాల్సిన పక్క క్లచ్ నొక్కడం ఆలస్యమై, టిల్లర్ గట్టుకి గుచ్చుకుని అక్కడే బురద చిమ్మింది. గట్టు మీద ఎవరో నవ్వారు. సంతోష్ బూట్లతోనే మడిలోకి ఒక అడుగు వేసి, ఆగి, అక్కడి నుంచే అరిచాడు: "వెనక గేరు దీదీ. తొందర లేదు." పిన్ని గేరు మార్చింది. యంత్రం కదిలింది. రెండో మలుపు కాస్త నయం. నాలుగో మలుపుకి గట్టు మీద మాటలు ఆగిపోయాయి.

ఆమె పైకి వచ్చేసరికి మోకాళ్ళ దాకా నల్లమట్టి ఉంది. బాబాయి అన్నగారు మడి వైపు చూసి, "లోతు బాగానే పడింది. ఆ కౌలు మనిషికి వద్దని సెప్పేస్తాన్లే" అన్నాడు. పిన్ని సరే బావా అని మాత్రం అంది. ఇంటికొచ్చాక మంచం మీది నుంచి బాబాయి, నోరు సరిగ్గా తిరక్కపోయినా, "ఎవరు... నడిపేరు?" అని అడిగాడు. పిన్ని జవాబు చెప్పకుండా తన కాళ్ళు చూపించింది.

ఆ సాయంత్రం తిరుగు రైలుకి ముందు బరంపురంలో గంట సమయం ఉంటే పాత్రో బాబు షాపుకి వెళ్ళాను. పిన్ని సంతోష్ దగ్గరే యంత్రం కొనేసిందని చెప్పి, చేతికొచ్చిన బేరాన్ని ఎందుకు పంపేశారని అడిగాను. "నా దగ్గర కొని, ఎత్తలేక మూల పడేస్తే ఆ ఊరోళ్ళు ఇంకెవరైనా నా గుమ్మం తొక్కుతారేటమ్మా?" అన్నాడు. తర్వాత, "అయినా నిన్న మీరు ఎల్లిపోయాక బాధేసింది. ఈ నెల బేరాలు లేవు" అన్నాడు.

రైల్లో ఆ మాటే తలచుకుంటూ వచ్చాను. చూడబోతే రెండు షాపుల్లోనూ పిన్నికి చెప్పింది ఒక్కటే: ఈ యంత్రం నీకు కష్టం. ఒకరు ఆమెను చూడకుండానే చెప్పారు, ఇంకొకరు ఆమె చేత చెప్పించారు. మొదటి మాటకి ఆమె యంత్రం మీంచి చెయ్యి తీసేసింది. రెండోదానికి, నలుగురి ముందూ, ఏ సిగ్గూ లేకుండా లేనని చెప్పగలిగింది. షాపుకి వెళ్ళినవాళ్ళు చల్లటి నీళ్ళూ, దీదీ అన్న పిలుపూ కోరుకుంటారని అనుకుంటాం. అవీ బాగానే ఉంటాయి. కానీ అడిగిన మనిషికి జవాబు ఇవ్వడం, ఆ మనిషి చేస్తున్న పనిని చేతిలోంచి లాక్కోకుండా ఆగడం, తెలియనిది తెలియదనడం, వీటి కోసం మనుషులు ఎంత దూరమైనా వెళ్తారు. బాగా చూసుకున్నవాడికి బేరం దక్కకపోవడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. సంతోష్ ఒక్క రోజులో నేర్చుకున్నదాన్ని తర్వాత వచ్చే ఆడవాళ్ళ దగ్గర గుర్తుంచుకుంటాడో లేదో కూడా నాకు తెలియదు.

టిల్లర్ కొనడానికి బరంపురం వెళ్ళేవాళ్ళకి ఒక సలహా. షాపు గచ్చు మీద చూసి డబ్బు కట్టకండి. మీ మడికి తెప్పించుకుని, రేపట్నుంచి దాన్ని రోజూ నడపబోయే మనిషి చేతే, నీళ్ళు పెట్టిన మడిలో, కనీసం నాలుగు మలుపులు తిప్పించి చూడండి.