మోలీకి మూడు గంటల స్టూ, నాకు కుక్కర్ కూర

మా చిన్నప్పుడు... దుబాయ్ దగ్గరి అజ్మాన్‌లో మా ఇంటి శుక్రవారాలను ఒక ఐరిష్ మేడమ్ లాగేసుకుంది. పేరు రాయను. తప్పు ఆమెదని మాత్రం రాస్తాను. శుక్రవారం సెలవిస్తానని మాట ఇచ్చి మా అమ్మను వంటకు పెట్టుకున్న మనిషి, తాను నేర్పిన బీఫ్ స్టూ అమ్మ చేతిలో ఇంకా బాగా కుదిరిందని, ఇక ప్రతి శుక్రవారం మధ్యాహ్నం అదే కావాలంది.

మా నాయన నీళ్ల ట్యాంకర్ నడిపేవాడు. ఆయనకూ సెలవు శుక్రవారమే. ముగ్గురం ఒక చాప మీద కూర్చుని తినే పూట అదొక్కటే... అదీ పోయింది.

ఒకసారి నాయనకు సెలవునాడు కూడా డ్యూటీ పడింది. నన్ను గదిలో ఒంటరిగా వదల్లేక అమ్మ ఆ మేడమ్ విల్లాకు వెంటబెట్టుకుని వెళ్లింది. వంటింట్లో ఒక మూల స్టూలు వేసి కూర్చోమంది.

అక్కడ చూశాను... అడుగు మందంగా ఉన్న ఇనుప గిన్నె. పెద్ద పెద్ద మాంసం ముక్కలు, ఉల్లిపాయలు, క్యారెట్లు, సగానికి కోసిన బంగాళాదుంపలు, మా మాటలో ఉర్లగడ్డలు. కారం లేదు, మసాలా లేదు, తిరగమోత లేదు. సన్నని సెగ మీద మూడు గంటలు. మధ్యలో మేడమ్ వచ్చి నల్ల బీరు పోసేది. అమ్మ ఆ సీసా ముట్టదు కదా... ఆమె పోసినంతసేపూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పక్కకు జరిగేది. ఆ తర్వాత మళ్లీ గరిటె పట్టుకునేది.

మా ఇంట్లో మాంసం అంటే కుక్కరే. నాలుగు విజిల్స్... దించెయ్యడమే. పనికి వెళ్లే మనిషికి పొయ్యి ముందు మూడు గంటలు ఎక్కడివి? ఎవరి శ్రమ, ఎవరి సమయం అని తర్వాతెప్పుడో కార్మిక సంఘాల కరపత్రాల్లో చదివాను. ఊరి నుంచి వచ్చేవాళ్లు సంచుల్లో తెచ్చిన కరపత్రాలు... ఒక్కటీ వదల్లేదు. కానీ ఆ పాఠం నాకు ఆ స్టూలు మీదే అయిపోయింది.

మేడమ్ కూతురు మోలీ. నా ఈడుదే. ఒట్టి కాళ్లతో తపతపమని పరుగెత్తుకొచ్చి నోరు తెరిచి నిలబడింది. అమ్మ ఒక ఉర్లగడ్డ ముక్క తీసి, ఊది, మళ్లీ ఊది, దాని నోట్లో పెట్టింది. అది మా అమ్మ నడుం పట్టుకుని వేలాడింది.

అమ్మ నాకోసం చిన్న గిన్నెలో బీరు కలపకుండా వేరే వండింది. తెచ్చి నా ముందు పెట్టింది.

"తినుమ్మే. వేడిగుంది, చూసుకోని తిను."

"నాకొద్దు. ఆ పిల్లకు ఊది పెడ్తావు. నాకేమో చూసుకోని తినమంటావు."

"నీకు పండ్లు రాకముందు నుంచీ ఊదే పెట్నా కదే."

"ఇది వాళ్లింటి కూడు. మనింట్లో చెయ్. కుక్కర్ లేకుండా చెయ్. శుక్రారం నాడే చెయ్."

"వచ్చే శుక్రారానికి సెలవు అడుగుతాలే" అంది అమ్మ.

అడిగింది. మేడమ్ సరేనంది. ఆ వారమంతా నేను స్కూల్లో అందరికీ చెప్పాను... మా అమ్మ ఈ శుక్రవారం ఇంట్లో ఉంటుందని. స్టూ సంగతి తర్వాత... ముందు ఆ మాటే చెప్పాను.

శుక్రవారం వచ్చింది. మా చిన్న గ్యాస్ పొయ్యి మీద అల్యూమినియం గిన్నె పెట్టింది. నేను అమ్మ మోకాలికి ఆనుకుని కూర్చున్నాను. నాయన స్నానానికి వెళ్లాడు. మాంసం ఇంకా గట్టిగానే ఉంది, ఉర్లగడ్డలు వేయనే లేదు... కింద కారు హారన్ మోగింది. ఆ ఇంటి పఠాన్ డ్రైవర్ పైకొచ్చి తలుపు కొట్టాడు.

"యల్లా బాజీ. మేడం కే మెహమాన్ ఆగయే. బులా రహీ హై."

పద అక్కా అంటున్నాడు... మేడమ్‌కు చుట్టాలొచ్చారట, రమ్మంటోందట.

"చెప్పినా కదా భయ్యా, ఈ పొద్దు రానని" అంది అమ్మ తెలుగులోనే. ఆయనకు అర్థమైందో లేదో, తల దించుకుని నిలబడ్డాడు. అమ్మ గిన్నెలో ఉన్నదంతా కుక్కర్లో పోసి, ఉర్లగడ్డలు పడేసి, మూత బిగించి, చెప్పులు వేసుకుంది.

"నాలుగు కూతలకు దించమని మీ నాయనకు చెప్పమ్మే."

నాయన దించాడు. మూత తీసి, గరిటెతో తిప్పి చూశాడు.

"ఏం కూడు పాపా ఇది... జరమొచ్చినోళ్లకు పెట్టే మాదిరుందే."

రెండు చెంచాల కారం, గుప్పెడు మసాలా వేసి, ఎర్రగా చేసి అన్నంలో కలిపాడు. పాపం, నన్ను నవ్వించాలని "ఇప్పుడు సూడు, ఆ దొరసాని తింటే చెవుల్లోంచి పొగ వస్తాది" అన్నాడు. నేను నవ్వలేదు. అదే సమయానికి ఇంకో వంటింట్లో మోలీ నోరు తెరిచి నిలబడి ఉంటుందని నాకు తెలుసు.

అది అసూయే అంటారా? అవును, అసూయే. ఇన్నేళ్లయినా ఒక్క రవ్వ తగ్గలేదు. తల్లిని వారానికి ఒక్క పూట అడిగిన పిల్లకు అసూయ కాక ఇంకేం మిగులుతుంది?

ఇప్పుడు అమ్మ పని మానేసింది. ఇంట్లోనే ఉంటుంది. పొద్దున పోయి రాత్రికి వచ్చేదాన్ని నేనే... ఎందరో పోరాడి తెచ్చుకోవాల్సిన శుక్రవారం సెలవు, ఎవరూ అడక్కుండానే ఇక్కడి సర్కారు మార్చడంతో చాలామందికి శని ఆదివారాలకు మారిపోయింది. మా ముగ్గురి పూట మాత్రం తిరిగి రాలేదు.

అందుకే ఈ ఆదివారం నేను వండుతున్నాను. సన్నని సెగ మీదే. మీ అమ్మ కూడా ఇక్కడ ఎవరింట్లోనో వండిందా? ఎవరి పిల్లలకో తినిపించిందా? ఆ ఇంట్లో ఏం వండేదో, మీకేం మిగిలేదో కింద రాయండి. రాసి ఊరుకోకండి... అమ్మను తీసుకుని రండి. అజ్మాన్ కోర్నిష్ సముద్రపు ఒడ్డున, ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు. అమ్మలెవరూ గరిటె ముట్టకూడదు. వడ్డించేది మనమే.