రంగు వేయని రెండోసారి

వేడెక్కిన పెనం మీద ఉప్పుకల్లు పడి చిటపటలాడితే ఇప్పటికీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఎనభైల మొదట్లో జహీరాబాద్‌లో నేను ఇంటర్ చదివిన కాలేజీ ల్యాబు, అందులో మా కెమిస్ట్రీ నాగప్ప సారు గుర్తొస్తారు. కర్ణాటక సరిహద్దులోని న్యాల్‌కల్ మనిషి. ఇంట్లో కన్నడం, క్లాసులో మా తెలుగు. కిరాణా కొట్లో దొరికే ఉప్పును ల్యాబులో తయారుచేయడానికి ఇంత తిప్పలెందుకని మేం నవ్వితే, ఆయన మాకంటే గట్టిగా నవ్వేవారు.

కాస్టిక్ సోడా ద్రావణంలో ఒక చుక్క మిథైల్ ఆరెంజ్ వేసి, గీతలున్న గాజు గొట్టం, బ్యూరెట్ నుంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొద్దికొద్దిగా వదలాలి. పసుపు నారింజకు తిరిగిన చోట ఆపి, ఎంత ఆమ్లం పట్టిందో రాసుకోవాలి. రంగు కలిసింది కాబట్టి అది పారబోయాలి. రెండోసారి రంగు వేయకుండా, అంతే సోడాకు అంతే ఆమ్లం కలిపి ఇగరబెడితే స్వచ్ఛమైన ఉప్పు వస్తుంది.

ఆ రెండోసారే నాకు నమ్మకం కుదిరేది కాదు. నీళ్లలాంటి దాంట్లో నీళ్లలాంటిది పోస్తే ఏం తెలుస్తుంది? అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఒకరోజు సారు అటు తిరగగానే దొంగచాటుగా ఒక చుక్క వేశాను. పింగాణీ గిన్నెలో ఉప్పు చిటపటమంటూ ఎండింది, నారింజ మరకతో సహా.

సారు తిట్టలేదు. మొదటిసారి కొలిచింది ఎవరని అడిగారు. నేనేనన్నాను.

"నువ్వు కొలిచిందాన్ని నువ్వే నమ్మకపోతే నేనెట్ల నమ్ముతనమ్మా?"

ఆ ఉప్పును కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ప్రాక్టికల్ పరీక్షలో నాకు అదే ప్రయోగం వచ్చింది. పరీక్ష తప్పితే చదువు బంద్ అని, ఝరాసంగం దగ్గర మా ఊళ్లో బాపు ముందే తేల్చి చెప్పాడు. రెండో ఫ్లాస్కులో ఆమ్లం పోసేసరికి, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు పక్కన నిలబడ్డాడు.

"రంగు ఎయ్యలేదేం? అయిందని ఎట్ల తెలుస్తది?"

మిథైల్ ఆరెంజ్ సీసా చేతికందేంత దూరంలోనే ఉంది. నాగప్ప సారు వైపు చూశాను. ఆయన కిటికీలోంచి చెరకు లారీలను చూస్తున్నారు, కావాలనే.

"మొదాలు రంగేసి కొలిచిన సార్. ఇరవై రెండున్నర ఎమ్మెల్ పట్టింది. ఇప్పుడు గంతే పోసిన," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

గిన్నెలో మచ్చలేని తెల్లటి ఉప్పు తేలింది.

తర్వాత నా ఉద్యోగమంతా ల్యాబుల్లోనే గడిచింది. లెక్క తేల్చాక ఎవరైనా "పక్కానా మేడం?" అంటే నేను తడుముకోను. ఆ తెల్ల ఉప్పు ఎగ్జామినరు దగ్గరే ఉండిపోయింది. నాకు మిగిలింది మరక ఉప్పు పొట్లమే. సారు పోయారని తెలిసిన రోజు విప్పి చూసుకుని ఏడ్చాను. మళ్లీ కట్టి దాచాను. నన్ను నేను నమ్మని ఆఖరి రోజు అందులో ఉంది.