లేని ఇంటి చూరు

నా చిన్నప్పుడు మా ఉప్పాడలో మా అమ్మ రోజూ పొద్దున్నే రెండు ముగ్గులు వేసేది. ఒకటి మా గుమ్మం ముందు. రెండోది పక్కన, ఇల్లే లేని ఖాళీ జాగా ముందు. అందులో వింతేముందో నాకు చాలాకాలం తెలియలేదు. అందరి అమ్మలూ అలాగే వేస్తారనుకునేదాన్ని.

మా పాత వీధిని నేను పుట్టకముందే సముద్రం మింగేసింది. మావాళ్ళు లోపలికి జరిగి కొత్త వీధి కట్టుకున్నప్పుడు, పాత వీధిలో ఎవరి పక్కన ఎవరుండేవారో అదే వరసలో ఇళ్ళు వేసుకున్నారు. చేపల వేటకు కలిసి వెళ్ళేవాళ్ళు పొరుగు మార్చుకోరు. మా ఇంటికీ పక్కింటి అక్క ఇంటికీ మధ్య మాత్రం ఒక ఇల్లు పట్టేంత చోటు వదిలేశారు. అది ఎవరిదని అడిగితే పెద్దవాళ్ళు మాట మార్చేసేవారు. ఎవరూ దాన్ని అడ్డంగా దాటేవారు కాదు. నాన్న వాళ్ళమ్మ, మా మామ్మ, దాని పక్కగా వెళ్ళినప్పుడల్లా ఒకచోట తల వంచేది. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. మేము పిల్లలం చీకటి పడితే అటు చూసేవాళ్ళమే కాదు.

పక్కింటి అక్క మా వీధిలో మొదటి డిగ్రీ మనిషి. చరిత్ర, తెలుగు తీసుకుని పిఠాపురం వెళ్ళి బి.ఎ. చదివింది. యూనివర్సిటీలో ఎం.ఎ. చరిత్ర సీటు కూడా వచ్చింది. ఆ సంబరం మాత్రం ఎవరికీ లేదు. ఆర్ట్సంటే మావాళ్ళ దృష్టిలో వేరే ఏ సీటూ రానివాళ్ళు చదువుకునేది. అక్క వాళ్ళ నాన్నని నేను పెదనాన్నా అని పిలిచేదాన్ని. ఆయన ఒకటే మాట పట్టుకున్నాడు.

"చచ్చినోళ్ళ సంగతులు తవ్వి ఏం చేత్తావే? నర్సు ట్రైనింగుకి పో, లేదంటే ఇంట్లో ఉండు."

చేరడానికి గడువు దగ్గరపడింది. అక్క అన్నం మానేసింది. పెదనాన్న మాట్లాడటం మానేశాడు.

ఒక మిట్టమధ్యాహ్నం పెదనాన్న అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. వీధిలో ఇంకెవరూ లేరు. అక్క వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆ ఖాళీ జాగా వైపు నడిచింది. మామ్మ తల వంచే చోటికి రాగానే అక్క తనూ తల వంచింది, నా తల కూడా వంచింది. అప్పుడు తెలిసింది నాకు, మామ్మ ఇన్నాళ్ళూ చూరు తగలకుండా వంగుతోందని. లోపలికి వెళ్ళాం. ఎండలోనే ఉన్నాం, అయినా నీడలోకి వెళ్ళినట్టు ఒళ్ళు చల్లబడింది.

అక్క గట్టిగా పిలిచింది. "ఇంట్లో ఎవరండీ?"

వల అల్లే చప్పుడు ఆగిపోయింది. సముద్రం హోరు కూడా తగ్గినట్టనిపించింది. అక్క ఇంకో అడుగు వేయబోయింది.

"అక్కడ తొక్కకే. అది పొయ్యి."

గొంతు వెనకనుంచి వచ్చింది. నేను కెవ్వుమన్నాను. తిరిగి చూస్తే పెదనాన్న. కింద ఇసుక తప్ప ఏమీ లేదు. పొయ్యి కాదు గదా, ఆ చోట ఏనాడూ ఇల్లే లేదు. ఆయన వచ్చి, సరిగ్గా అక్కడే తల వంచి, లోపల అడుగుపెట్టాడు. ఉయ్యాల ఎక్కడ వేలాడేదో చూపించాడు. కుండలు ఎక్కడ బోర్లించేవారో చూపించాడు. పాత వీధిలో ఆ వరసలో ఉండేది ఆయన అప్ప ఇల్లు, తోడబుట్టిన పెద్దామెది.

"నీళ్ళొచ్చేత్తున్నాయి, అప్పని పిల్చుకురారా అని మాయమ్మ పంపింది. గుమ్మంలో నిలబడి నేనూ ఇలాగే పిలిచాను. ఎవరూ పలకలేదు. భయమేసి పారిపోయొచ్చేశాను."

తర్వాత ఆ నీళ్ళలో పోయిన ఆ ఇంటివాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు, చంటిపిల్లతో సహా. మా వీధిలో ఆ పేర్లు ఎవరూ పైకి అనగా నేను వినలేదు. ప్రతి పేరు తర్వాతా ఆయన కాసేపు ఆగాడు, ఎవరైనా పలుకుతారేమోనన్నట్టు. నేనూ చెవులు రిక్కించాను. ఆ భయం ఇప్పటికీ నా వెన్నులో ఉంది.

చివరికి పెదనాన్న కళ్ళు తుడుచుకుని అడిగాడు. "మీ యూనివర్సిటీలో నేర్పేది ఇదేనా?"

"ఎలా అడగాలో నేర్పుతారంట నాన్నా."

"అయితే ఎల్లు. నేను పోకముందే నేర్చుకుని రా. ఈ వీధిలో అడగాల్సినోళ్ళు శానామంది ఉన్నారు."

అక్క వెళ్ళింది. సెలవులకు వచ్చినప్పుడల్లా ముసలివాళ్ళ దగ్గర కూర్చునేది. కొన్నేళ్ళకు నేనూ అదే చరిత్ర చదివి, ఆ చదువే పిల్లలకు చెప్పి రిటైరయ్యాను. చరిత్ర ఎందుకండీ అని తల్లిదండ్రులు అడిగినప్పుడల్లా నాకు కోపం వచ్చేది, కానీ జవాబుగా ఇసుకలో పొయ్యి ఎలా చూపించను?

ఆ వీధి కూడా ఇప్పుడు సముద్రంలోనే ఉంది. మావాళ్ళు మళ్ళీ జరిగారు, అదే వరసలో, ఆ ఖాళీతో సహా. మొన్న వెళ్ళినప్పుడు ఒక కొత్త కోడలు దాని ముందు ముగ్గు వేస్తోంది. ఎవరిదమ్మా ఈ ఇల్లు అంటే, "ఏమోనండి, అత్తమ్మ ఎయ్యమంది" అంది.

ఆ రోజు నేర్చుకున్నది నాతోనే ఉంది. ఖాళీ కనిపిస్తే పక్కనుంచి పోలేను. తల వంచి లోపలికి వెళ్ళి, పొయ్యి ఉన్న చోటు తప్పించి నిలబడి, ఇంట్లో ఎవరండీ అని పిలిచాను.

ఆ అమ్మాయి చేతిలో ముగ్గు ఆగిపోయింది. "ఎవరున్నారండీ అక్కడ?" అంది సన్నగా.

"రా, చెప్తాను. చూరు తగులుద్ది, తల వంచి రామ్మా" అన్నాను.