మా మామయ్య కారుకు రెండో గుండె

ఆ రోజుల్లో నాకు డ్రైవింగ్ వచ్చంటే వచ్చు, రాదంటే రాదు. లైసెన్సు చేతికొచ్చి మూడు నెలలైంది, ఉద్యోగంలో చేరి ఐదు నెలలైంది. ఈ రెండూ కలిస్తే ఇరవై మూడేళ్ల పిల్లకు ప్రపంచంలో తెలియనిదేదీ ఉండదు కదా. మెట్టుగూడలో మా మేనమామ ఇంట్లో ఉండి ఆఫీసుకు వెళ్లేదాన్ని. మామయ్య రైలింజన్ల షెడ్డులో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరైనవాడు. ఆయనకు కంటి ఆపరేషన్ అయి, నల్లకళ్లజోడు పెట్టుకుని ఇంట్లో కూర్చోవలసి వచ్చినప్పుడు, తన ప్రాణంలాంటి కారు తాళాలు నా చేతిలో పెట్టాడు. (పెట్టినా కాసేపు వాటిని వదల్లేదు. అది ఆపరేషన్ వల్ల అనుకున్నాను.)

ఒక ఆదివారం అత్తమ్మను బొల్లారంలో గృహప్రవేశానికి తీసుకెళ్తున్నాను. సగం దారిలో అత్తమ్మ ముందుకు వంగి, ఇంజన్ వేడి చూపే మీటరు వైపు వేలు చూపించి, "ఆ ముల్లు ఎర్రదాని దిక్కు వోతున్నదేందే?" అని అడిగింది. నేను చాలా ఓపికగా, "ఏం కాదత్తమ్మా, ఇంజన్ వేడెక్కితేనే మంచిగ నడుస్తది" అని చెప్పాను. ఈ సిద్ధాంతం నాకు ఎవరు నేర్పారో ఇప్పటికీ గుర్తులేదు. బహుశా నేనే కనిపెట్టి ఉంటాను. లోతుకుంట దాటేసరికి బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది, ఇనుప డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడైంది, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. పట్టుచీర కట్టుకున్న అత్తమ్మ కారు దిగి, ఆటో ఎక్కి గృహప్రవేశానికి వెళ్లిపోయింది. నేను కారును ఒక వ్యాను వెనక తాడుతో కట్టించుకుని చిలకలగూడ చేరాను.

అక్కడి మెకానిక్‌ను ఊరంతా ఉస్తాద్ అనే పిలిచేది. మామయ్యకు పాత స్నేహితుడు. ఆయన అంతా చూసి, చేతులు తుడుచుకుని, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పాడు. "వేడికి ఇంజన్ పట్టేసింది బేటీ, ఇగ తిరుగుతలేదు. రెండు తొవ్వలున్నయ్. గిదాన్నే విప్పి, లోపటి గొట్టాలు నున్నగ బోరు చేపిచ్చి, కొత్త పిస్టన్లు ఏసి నిలబెట్టుడు ఒకటి. గిది తీసి పక్కకు పెట్టి, వేరే బండిల మంచిగున్న ఇంజన్ తెచ్చి ఏసుడు ఇంకోటి. ఖర్చు అటూఇటూ ఒకటే. ఏం చెయ్యాల్నో మీ మామను అడుగు."

ఇంటికెళ్లి విషయం చెప్పి, తిట్ల కోసం తలవంచుకు నిలబడ్డాను. మామయ్య తిట్టలేదు. నల్లకళ్లజోడు వెనక ఏముందో కనబడి చావదు. చాలాసేపటికి, "ఖరాబ్ చేసినోళ్లే ఫైసలా చెయ్యాలె" అన్నాడు. అంతే, నిర్ణయం నా నెత్తిన పడింది. ఆ ఒక్క మాటతో వారం రోజులు నాకు అన్నం సయించలేదు.

కనబడిన ప్రతివాళ్లనూ అడిగాను. ఆఫీసులో మా సీనియర్ గుమాస్తా (ఆయనకు సైకిల్ కూడా లేదు) "బాగుచేసిన ఇంజనూ అతికిన కుండా ఒకటేనమ్మా" అన్నాడు. అత్తమ్మను అడిగితే, "మీ మామనే అడుగు. గసోంటియి ఆయనకు అనుభవమే" అని పప్పు తాలింపులో మునిగిపోయింది. రైలింజన్ల అనుభవం గురించి అంటోందనుకున్నాను. చివరికి ఒక నోటుబుక్కులో అటు లాభాలూ ఇటు నష్టాలూ రాసి, రెండు పేజీలు నింపి, వాటిలో ఒక్కదానితోనూ సంబంధం లేకుండా నిర్ణయం తీసుకున్నాను. కొన్న రోజు నుంచీ మామయ్యను మోసిన ఇంజన్ అది, దాన్ని పాత ఇనుప సామాన్లవాడికి పంపడానికి నా మనసు ఒప్పలేదు.

చిలకలగూడ వెళ్లి, గంభీరంగా గొంతు సవరించుకుని, "ఉస్తాద్, ఇది ఫ్యాక్టరీల బండితోని పుట్టిన ఇంజన్. ఎంత తక్లీఫ్ అయినా దీన్నే బతికించాలె" అన్నాను. ఉస్తాద్ అటు తిరిగి దగ్గాడు. ఆయన కదిలిపోయాడనుకుని నా కళ్లు కూడా కొంచెం చెమర్చాయి.

"సరే గని బేటీ, ముందుగాల ఒకటి చూద్దాం" అని, విప్పి పెట్టిన ఇంజన్ దిమ్మెను శుభ్రం చేసి, దానికి కిరసనాయిలు రాసి, కాసేపాగి తుడిచి, పైన సుద్దపొడి చల్లాడు. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. తెల్లటి పొడి మీద మెల్లగా ఒక సన్నటి తడి గీత బయటపడింది. వెంట్రుకంత మందం, జానెడు పొడవు. "పగిలింది. పగులులకెల్లి కిరసనాయిల్ బయటికొస్తున్నది. ఇగ గిది నిలవడదు. వేరేది ఏసుడే" అన్నాడు. నా రెండు పేజీల ఆలోచనకూ, వారం ఉపవాసానికీ ఆ గీతే జవాబు. కొత్త ఇంజన్ నంబరు ఎక్కించాలి, బండి రిజిస్ట్రేషన్ పుస్తకం తెమ్మన్నాడు.

అత్తమ్మ బీరువాలోంచి తీసిచ్చింది. మెట్ల మీదే తెరిచి చూశాను. ఇంజన్ నంబరు దగ్గర ఒక నంబరు కొట్టేసి, పక్కన ఇంకో నంబరు రాసి, ముద్ర వేసి ఉంది. నేను ఫ్యాక్టరీలో పుట్టిందంటూ కన్నీళ్లు పెట్టుకున్న ఇంజన్ ఇంకెక్కడినుంచో తెచ్చి పెట్టిందన్నమాట.

వెనక్కి తిరిగి, పుస్తకం మామయ్య ముందు పెట్టాను. "ఏంది మామా ఇది?"

మామయ్య నల్లకళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "కొన్న రెండో ఏడు. పెండ్లికి పోతున్న. రేడియేటర్ల నీళ్లు లెవ్వు. ముల్లు ఎర్రదాంట్లకు వోయింది, చూసిన. రైలింజన్లనే చూసినోనికి గిదొక లెక్కనా అనుకుని ఆపలే. ఇంజన్ పట్టేసింది." పుస్తకం మూసి నా వైపు జరిపాడు. "నిన్ను తిడుదామనే అనుకున్న పిల్లా. ఏ మొఖం పెట్టుకుని తిట్టాలె? అందుకే ఫైసలా నీ మీద ఏసిన. ఉస్తాద్‌తోని అప్పుడే ఒట్టేపిచ్చుకున్న, ఎవ్వలకు చెప్పొద్దని. మీ అత్తమ్మకు సుత తెల్వదు."

"తెల్వకేం" అంది వంటింట్లోంచి అత్తమ్మ. "ఆ పుస్తకం బీరువాల పెట్టింది ఎవలు?"

మామయ్య ముందు నవ్వాడు. ఆ తర్వాత నేను నవ్వాను. వారం తర్వాత ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను.

మూడో ఇంజన్ చాలా ఏళ్లు నడిచింది. మామయ్య ఇప్పుడు లేడు. అప్పుడప్పుడు చిలకలగూడ మీదుగా వెళ్తుంటే ఆ ఇరవై మూడేళ్ల పిల్ల గుర్తుకొస్తుంది, చంకలో నోటుబుక్కు పెట్టుకుని, లోకంలోని బాధంతా తన మీదే ఉన్నట్టు నడుస్తూ. పిలిచి ఒక చాయ్ తాగించి, ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడకుండా కూర్చుంటే అన్నిసార్లూ అది కోపం కాదు, కొన్నిసార్లు వాళ్లకూ సిగ్గే అని చెప్పాలనిపిస్తుంది. కానీ చెప్పినా ఆ పిల్ల వినే రకం కాదు. నాకు తెలుసు.